మూసిన తలుపులు, కట్టిన సొమ్ము

"కట్టిన రుసుము ఎట్టి పరిస్థితులలోనూ వాపసు ఇవ్వబడదు." ఈ వాక్యం మనకు కొత్త కాదు. ట్యుటోరియల్ కాలేజీ రసీదు మీద ఉంటుంది, కల్యాణమంటపం రసీదు మీద ఉంటుంది, బట్టలు కుట్టే కొట్టువాడి చీటీ మీద కూడా ఉంటుంది. చదివి, ఒక నిట్టూర్పు విడిచి, మడిచి బీరువాలో పెట్టేస్తాం. అచ్చయింది గనక అది చట్టమే అయి ఉంటుందని మనలో చాలామందికి ఒక నమ్మకం. ఈ వారం ఆ నమ్మకం సంగతే కాస్త మాట్లాడుకుందాం.

అందుకు కారణం ఒక సోదరి రాసిన ఉత్తరం. ఆమె భర్తా, కాలేజీలో చదివే కొడుకూ వీధి చివర ఉన్న జిమ్ములో చేరారట. ఏడాది చందా ఒక్కసారే కడితే తగ్గింపు ఇస్తామంటే ఇద్దరికీ కలిపి 30,000 రూపాయలు కట్టారట. సరిగ్గా రెండు నెలలు తిరిగేసరికి, ఆ మేడలో అగ్నిప్రమాదం జరిగితే కాపాడుకునే ఏర్పాట్లు లేవని మునిసిపాలిటీవారు వచ్చి తాళం వేసి పోయారు. ఆమె ఇట్లా రాసింది: "యజమానిని అడిగితే, 'మూసింది నేను కాదమ్మా, ప్రభుత్వం. నేనేం చేసేది? పైగా రసీదు వెనక ఏం రాసి ఉందో చూసుకోండి' అంటున్నాడు. ఆ 30,000 మా వారి నెల జీతంలో సగం. ఆ డబ్బుకు ఇక నీళ్లు వదులుకోవలసిందేనా అక్కయ్యా?"

నీళ్లు వదలవద్దు చెల్లీ. కాని ఎందుకు వదలనక్కరలేదో తెలుసుకుని మరీ అడగాలి. తెలియక అడిగితే దెబ్బలాట అవుతుంది, తెలిసి అడిగితే లెక్క అవుతుంది.

పూర్వం మన ఊళ్లలో తాలింఖానాలుండేవి. కోడి రామమూర్తి నాయుడుగారి పేరు విని ఉత్సాహపడ్డ కుర్రాళ్లు తెల్లవారుజామునే వెళ్లి దండీలూ బస్కీలూ తీసి వచ్చేవారు. నెలకింత అని ఇచ్చేవారు, లేకపోతే పండక్కి వస్తాదుగారికి పంచెలచాపు పెట్టేవారు. తాలింఖానా మూతపడితే ఇవ్వడమూ ఆగిపోయేది. అక్కడితో సరి. ఈనాటి జిమ్ములో వరస తిరగబడింది. ముందు సొమ్ము, తర్వాత చెమట. అద్దాల గోడలూ, విదేశీ యంత్రాలూ, చల్లటి గాలీ చూపించి ఏడాదికి సరిపడా డబ్బు మొదటిరోజే తీసుకుంటారు. దీన్ని మనం చందా అంటున్నాం గాని, నన్నడిగితే అది నమ్మకం మీద ఇచ్చిన అప్పు. ప్రతిరోజూ వాళ్లు తలుపు తెరిచి మనకు సేవ చేస్తూ ఆ అప్పును కొంచెం కొంచెం తీరుస్తూ వస్తారు. తలుపు మూసిన రోజున అప్పు తీరదు, నిలిచే ఉంటుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే తక్కిన చట్టమంతా సులువుగా బోధపడుతుంది.

ఇట్లాంటి చిక్కు దేశమంతటికీ ఒకేసారి వచ్చిన సంవత్సరం 2020. కరోనా మూలంగా మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌను పెట్టారు. కొన్నిచోట్ల జిమ్ములను అంతకు ముందే మూయించారు. మళ్లీ తెరవవచ్చునని కేంద్ర హోంశాఖ జూలై 29న ఉత్తర్వు ఇచ్చింది. అదైనా ఆగస్టు 5 నుంచి, కంటైన్‌మెంట్ జోన్లకు బయట మాత్రమే. మార్చి 25 మొదలు ఆగస్టు 4 దాకా కేలండరు ముందు పెట్టుకుని లెక్కిస్తే 133 రోజులు. ఆ 133 రోజులూ తలుపులు మూసి ఉన్నాయి, కట్టిన సొమ్ము మాత్రం లోపల ఉండిపోయింది.

మా ఇంట్లోనూ ఈ కథ జరిగింది. మావారికి చక్కెర జబ్బు. కూర్చుని చేసే ఉద్యోగం. డాక్టరుగారు గట్టిగా చెప్పిన మీదట ఆ ఏడాది ఫిబ్రవరిలో జిమ్ములో చేరారు. ఏడాదికి 18,250 రూపాయలు, అంటే రోజుకు సరిగ్గా 50. నెలన్నర తిరక్కుండానే మూతపడింది. ఆగస్టులో తెరిచారు గదా, ఇక వెళ్లవచ్చుననుకుంటే మరో చిక్కు. కేంద్ర ఆరోగ్యశాఖ ఆగస్టు 3న జిమ్ములకు ఇచ్చిన సూచనల్లో, 65 ఏళ్లు దాటినవారు, ఇతర దీర్ఘవ్యాధులు ఉన్నవారు, గర్భిణీ స్త్రీలు, పదేళ్లలోపు పిల్లలు నాలుగు గోడల మధ్య ఉండే జిమ్ములకు వెళ్లకపోవడమే మంచిదని స్పష్టంగా చెప్పారు. మా డాక్టరుగారూ అదే మాట అన్నారు. ఇంతలో జిమ్ము యజమాని నుంచి కబురు వచ్చింది: "పోయిన రోజులన్నీ చివర కలుపుతాం, చింతపడకండి" అని.

వినడానికి ఎంతో ధర్మంగా ఉంది గదా? ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి అది ధర్మమే. కాని లోపలికి అడుగు పెట్టకూడనివారికి, అద్దె గది ఖాళీ చేసి సొంత ఊరికి వెళ్లిపోయినవారికి, చివర కలిపిన రోజులు దేనికి? పండ్లు లేనివాడికి పకోడీలు పెట్టినట్టే.

మావారు సహజంగా మొహమాటస్తులు. "పోనిద్దూ, పాపం వాళ్లూ నష్టపోయారు" అన్నారు. నేనే కూర్చుని ఒక ఉత్తరం రాశాను. ఏ తేదీన ఎంత కట్టామో, రసీదు నంబరు ఎంతో, ఎన్ని రోజులు మూసి ఉన్నదో రాసి, రోజుకు 50 చొప్పున 133 రోజులకు 6,650 రూపాయలు వాపసు ఇవ్వమనీ, మిగిలిన రోజులను మా అమ్మాయి పేరుకు మార్చమనీ అడిగాను. డాక్టరుగారి చీటీ నకలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపించాను. ఒక్క పరుషమైన మాట రాయలేదు. అప్పటికే ఫోనులో పదిసార్లు అడిగినా కదలనివాడు, ఆ ఉత్తరం అందిన నాలుగో రోజున మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. పాపం అతను చెప్పినదంతా నిజమే. మేడ అద్దె ఒక్క నెలకూ తగ్గలేదట. నలుగురు శిక్షకులకు సగం జీతాలైనా ఇస్తున్నాడట. యంత్రాల మీద బ్యాంకు వాయిదాలు నడుస్తూనే ఉన్నాయట.

"మీ కష్టం నాకు తెలుసు బాబూ," అన్నాను. "కాని మీ నష్టంలో మా వాటా ఎంతో మీరొక్కరే నిర్ణయించి, మా డబ్బులోంచి తీసేసుకుంటే ఎట్లా? మమ్మల్నీ ఒక మాట అడగాలి గదా."

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు వాయిదాల్లో ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. మిగిలిన రోజులకు మా అమ్మాయి వెళ్లి వచ్చింది. కోర్టు గుమ్మం తొక్కకుండానే అయిపోయింది. అందరికీ ఇట్లాగే అవుతుందని నేను చెప్పను. అడిగిన తీరు బాగుంటే సగం తగాదాలు ఇంటి వరండాలోనే తీరతాయని మాత్రం చెబుతాను.

ఇక చట్టం సంగతి. మన కాంట్రాక్టుల చట్టం 1872 నాటిది. దానిలో 56వ సెక్షను ఏమంటుందంటే, ఒప్పందం కుదిరిన తర్వాత ఆ పని చేయడం అసాధ్యమైనా, చట్టవిరుద్ధమైనా అక్కడితో ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. చెల్లకుండా పోతే, అప్పటికే పుచ్చుకున్న సొమ్ము మాటేమిటి? దానికి 65వ సెక్షను జవాబు చెబుతుంది. అట్లాంటి ఒప్పందం కింద ఎవరైనా లాభం పొంది ఉంటే దాన్ని తిరిగి ఇవ్వాలి, లేదా దానికి సరిపడా పరిహారం ఇవ్వాలి. గమనించారా? ఈ సెక్షను తప్పెవరిదని అడగడం లేదు. సొమ్ము ఎవరి దగ్గర ఉందని అడుగుతోంది. "మూసింది నేను కాదు" అన్న జవాబు తప్పు అన్న ప్రశ్నకు సరిపోతుంది గాని, సొమ్ము అన్న ప్రశ్నకు సరిపోదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. కలకత్తాలో ఇళ్ల స్థలాలు అమ్ముతామన్న ఒక సంస్థ, యుద్ధకాలంలో ప్రభుత్వం ఆ నేలను సైన్యం అవసరాలకు తీసుకున్నది గనక తమ ఒప్పందం చెల్లిపోయిందని వాదించింది. సత్యబ్రత ఘోష్ కేసుగా పేరుపొందిన ఆ వివాదంలో 1954లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. కొంతకాలం ఆటంకం కలిగినంత మాత్రాన ఒప్పందపు పునాదే కూలినట్టు కాదన్నది. దీన్నిబట్టి, ఏడాది చందాలో కొన్ని వారాలు మూతపడితే మొత్తం ఒప్పందమే రద్దయిందని మనం ఊరికే అనలేం. అదే మూడు నెలల చందా కట్టి, ఆ మూడు నెలలూ తాళం చూసి వచ్చినవారి సంగతి వేరు. వారికి మిగిలిందేమీ లేదు గనక 65వ సెక్షనును ఆశ్రయించడానికి బలమైన ఆధారం ఉంటుంది. మధ్యరకంవారు మూతపడిన రోజులకు తగిన వాటా అడగడం సబబు. మరొకటి, ఇట్లాంటి ఆపద వస్తే ఏం చేయాలో ఒప్పందంలోనే రాసి ఉంటే ముందుగా ఆ షరతునే చూస్తారు. అందుచేత రసీదు వెనకభాగాన్ని భయంతో కాదు, శ్రద్ధతో చదవాలి.

రెండవది వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి పాత చట్టం స్థానంలో 2019లో కొత్తది చేశారు. అది 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. డబ్బు తీసుకుని సేవ చేసేవాడెవడైనా ఈ చట్టం కిందికి వస్తాడు. జిమ్మూ వస్తుంది. సేవలో లోపం ఉంటే ఆ సేవను ఆపి, తీసుకున్న డబ్బును రసీదులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజులలోగా వాపసు ఇవ్వాలి. ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని ఈ చట్టంలో ఉంది. ఇక "ఎట్టి పరిస్థితులలోనూ వాపసు లేదు" అన్న ఆ అచ్చు వాక్యం. వినియోగదారుడి మీద అన్యాయమైన షరతు రుద్దే ఒప్పందాన్ని అనుచితమైన ఒప్పందంగా పరిగణించి, ఆ షరతు చెల్లదని ప్రకటించే అధికారం రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ కమిషన్‌కూ ఉంది. అంటే అచ్చు వేసినంత మాత్రాన ఏ వాక్యమూ చట్టం అయిపోదు. చట్టం ముందు అదీ నిలబడి జవాబు చెప్పుకోవలసిందే.

ప్రభుత్వమే మూయించినప్పుడు సొమ్ము సంగతి ఏమిటన్న ప్రశ్న విమాన టిక్కెట్ల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విమానాలు ఎగరకుండా ఆపింది ప్రభుత్వమే. తప్పు విమాన కంపెనీలది కాదు. అయినా 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పులో, ఆ టిక్కెట్ల సొమ్మును కంపెనీలు ఉంచుకోవడానికి కోర్టు ఒప్పుకోలేదు. లాక్‌డౌను రోజుల్లోనే, ఆ రోజుల ప్రయాణానికే కొన్న టిక్కెట్లకు పూర్తి సొమ్ము వెంటనే ఇవ్వాలన్నది. అంతకు ముందు కొన్న టిక్కెట్ల విషయంలో, డబ్బు ఇబ్బందిలో ఉన్న కంపెనీలు ఆ మొత్తాన్ని ప్రయాణికుడి పేర జమ ఉంచి, 2021 మార్చి 31 దాకా వాడుకోనివ్వవచ్చన్నది. ఆ జమ ఊరికే పడి ఉండకుండా నెలనెలా కొంత కలపాలనీ, గడువులోగా వాడుకోకపోతే డబ్బుగా ఇవ్వాలనీ కూడా చెప్పింది. ఈ తీర్పు జిమ్ముల గురించి కాదు. కాని అందులోని ధర్మం చూడండి. వ్యాపారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చారు, సొమ్ము మింగే హక్కు ఇవ్వలేదు.

ఇంగ్లండులో కూడా ఇదే ధోరణి. అక్కడి కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ 2020 ఏప్రిల్ చివరలో, ప్రభుత్వ ఆంక్షల వల్ల సేవ అందించలేకపోతే సాధారణంగా డబ్బు వాపసు ఇవ్వాలని వ్యాపారులకు స్పష్టం చేసింది.

ఇప్పుడు ఆ చెల్లెలి ప్రశ్నకు వద్దాం. ఆమెది కరోనా మూత కాదు. అగ్నిమాపక ఏర్పాట్లు చేసుకోవడం యజమాని బాధ్యత. అవి లేక తాళం పడితే, మూసింది మునిసిపాలిటీ అయినా మూయించుకున్నది అతనే. ఇక్కడ సొమ్ము ప్రశ్నతోపాటు తప్పు ప్రశ్నకూ అతను జవాబు చెప్పాలి. 30,000లో నెలకు 2,500. రెండు నెలలు వాడుకున్నారు. మిగిలిన పది నెలలకు 25,000 అడగవచ్చు, ఇబ్బందికి పరిహారమూ అడగవచ్చు. అన్నట్టు మరో రకం ఉంది. జిమ్ము తెరిచే ఉంటుంది, మనమే పండగలనీ పెళ్లిళ్లనీ మానేస్తాం. దానికి మాత్రం ఏ చట్టమూ వాపసు ఇప్పించదు సుమా!

అడిగే పద్ధతి ఇది. రసీదు, నియమాల కాగితం, డబ్బు పంపిన ఆధారం, వాళ్లు ఫోనుకు పంపిన సందేశాలు అన్నీ ఒకచోట భద్రపరచండి. రోజులు లెక్కగట్టి, ఎంత కావాలో, ఎన్నాళ్లలోగా కావాలో ఉత్తరం రాయండి. "రోజులు కలుపుతాం" అని వాళ్లంటే మీకు సమ్మతమో కాదో రాతపూర్వకంగానే చెప్పండి. ఊరుకుంటే ఒప్పుకున్నారని అనవచ్చు. బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా చందా దానంతట అదే పోతుంటే ఆ ఏర్పాటును వెంటనే ఆపించండి. చందా కట్టడానికి ఫైనాన్సు కంపెనీ అప్పు తీసుకుని ఉంటే మాత్రం వాయిదాలు ఊరికే ఎగవేయకండి. ఆ కంపెనీకి కూడా విషయం రాయండి.

దానికీ లొంగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915కు ఫోను చేయండి. తెలుగులోనే చెప్పుకోవచ్చు. వాళ్లు తీర్పు చెప్పరు గాని, ఫిర్యాదు నమోదు చేసి అవతలివారిని కదిలిస్తారు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఈ చట్టం కింద మీరు నివసించే చోటనే, లేదా ఉద్యోగం చేసే చోటనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షలలోపు అయితే రుసుము లేదు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. ఇంట్లో కూర్చుని 'ఈ-జాగృతి' ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. మీ కాలేజీ పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే గంటలో పని అవుతుంది.

గడువు మాత్రం మరవకండి. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. కరోనా మూలంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి మినహాయించింది. ఆ మినహాయింపు కలిపి చూసినా 2020 నాటి మూతలకు సంబంధించిన గడువు ఇప్పుడు దాటిపోయింది. ఆలస్యానికి తగిన కారణం చూపితే క్షమించే వీలు చట్టంలో ఉంది గాని, దాన్ని నమ్ముకుని కూర్చోవడం వివేకం కాదు. ఈనాడు మూతపడితే ఈ నెలలోనే ఉత్తరం రాయాలి.

చేరబోయేవారికి ఒక్క మాట. తగ్గింపు ఎంత అని అందరూ అడుగుతారు. దానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. మూతపడితే వాపసు ఎట్లా? జబ్బు చేస్తే కొన్నాళ్లు ఆపుకోవచ్చునా? ఊరు మారితే మరొకరి పేరుకు మార్చవచ్చునా? జవాబులు నోటితో కాక రసీదు మీదే రాసి ఇమ్మనండి. రాసి ఇవ్వడానికి వెనకాడే చోట ఏడాదికి కట్టకండి, నెలకే కట్టండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు. ఏ రోజు తలుపు మూసినా మీ సొమ్ము మీ చేతిలోనే ఉంటుంది.